చిన్న పరిశ్రమలు, వృత్తాకార ఆర్థిక వ్యవస్థ: శిక్షణ ఎక్కడ ఫలిస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది?

భారతదేశంలోని చిన్న పరిశ్రమలకు పాత సామాను కొత్త విషయం కాదు. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ పనివారు తుక్కు ఇత్తడిని కరిగించి పాత్రలు, అలంకరణ వస్తువులు పోతపోస్తారు. హర్యానాలోని పానిపట్ పాత ఉన్ని బట్టలను చీల్చి, తిరిగి నూలుగా వడికి దుప్పట్లు నేస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదతో ఇటుకలు పోసే చిన్న కేంద్రాలు దశాబ్దాలుగా ఉన్నాయి. అందువల్ల ‘వృత్తాకార ఆర్థిక వ్యవస్థ’ లేదా ‘సర్క్యులర్ ఎకానమీ’ అన్న మాట శిక్షణ తరగతిలో వినగానే, ఇది మేము ఎప్పటినుంచో చేస్తున్నదే కదా అని అడిగే పారిశ్రామికవేత్తలు చాలామంది ఉంటారు. ఆ ప్రశ్నలో నిజం ఉంది.

అయితే గత కొన్నేళ్లలో ఆ పని చుట్టూ ఉన్న పరిస్థితులు మారాయి. తుక్కు ఎక్కడినుంచి వచ్చింది, ఎంత వచ్చింది, అందులో ఎంత సరుకుగా మారింది, మిగిలినది ఎక్కడికి పోయింది అనే నాలుగు ప్రశ్నలకు లెక్కతో సమాధానం చెప్పగలగడం ఇప్పుడు వ్యాపారానికి షరతుగా మారుతున్నది. కాలుష్య నియంత్రణ మండలి అడుగుతుంది, పెద్ద కంపెనీ కొనుగోలు విభాగం అడుగుతుంది, అప్పు ఇచ్చే బ్యాంకూ అడుగుతుంది. చేతి అంచనాతో, కంటి కొలతతో తరతరాలుగా నడిచిన పనికి కాగితం మీద రుజువు కావలసి వచ్చింది. శిక్షణ అవసరం ప్రధానంగా అక్కడే ఏర్పడింది. ఆ రుజువు చూపలేని చిన్న కేంద్రం పని మానుకోవాలి, లేదా చాటుమాటుగా చేసుకోవాలి. దేశ స్థూల ఉత్పత్తిలో దాదాపు 30 శాతం సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల నుంచే వస్తున్నందున ఈ సమస్య కొద్దిమందిది కాదు.

రీసైక్లింగ్ ఒక్కటే కాదు

వస్తువును తయారుచేయడం, వాడడం, పారవేయడం అనే పద్ధతిని ఆర్థికవేత్తలు సరళరేఖా పద్ధతి అంటారు. వస్తువును, దానిలోని పదార్థాన్ని, తయారీలో వాడిన నీటిని, వేడిని సాధ్యమైనంతకాలం వాడుకలోనే ఉంచడం వృత్తాకార పద్ధతి. ఇందులో మొదటి మెట్టు వ్యర్థం పుట్టకుండా చూడడం. తరువాతివి తిరిగి వాడడం, మరమ్మతు చేయడం, విడిభాగాలు మార్చి కొత్తదానిలా తీర్చిదిద్దడం. కరిగించి, చీల్చి, పొడిచేసి మళ్లీ ముడిసరుకుగా మార్చే రీసైక్లింగ్ చివరి మెట్లలో ఒకటి. దానికి యంత్రాలు, ఇంధనం, శ్రమ అన్నీ కావాలి. చిన్న కేంద్రానికి అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో లాభం తెచ్చేది మొదటి మెట్టే అయినా, ప్రచారమంతా చివరి మెట్టుకే దక్కుతున్నది.

తూకంతో మొదలైన పాఠం

వ్యర్థాల తగ్గింపుపై భారతదేశంలో చిన్న పరిశ్రమలకు శిక్షణ ఇవ్వడం ఇప్పటి కార్యక్రమాలతో మొదలు కాలేదు. ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ యునిడో, జాతీయ ఉత్పాదకత మండలితో కలిసి 1993లో ‘డిజైర్’ అనే ప్రదర్శన ప్రాజెక్టును చేపట్టింది. వ్యవసాయ వ్యర్థాలతో కాగితం తయారీ, వస్త్రాల అద్దకం, పురుగుమందుల మిశ్రమాల తయారీ అనే మూడు రంగాల చిన్న కర్మాగారాలను ఎంచుకున్నారు. బయటి నిపుణుడు వచ్చి నివేదిక రాసి వెళ్లిపోయే పద్ధతిని పక్కనపెట్టి, ప్రతి కర్మాగారంలోనూ అక్కడివారితోనే ఒక బృందాన్ని ఏర్పరచి, పని మొదలుపెట్టడం నుంచి ఫలితాన్ని నిలబెట్టుకోవడం వరకు ఆరు అంచెల పద్ధతిని నేర్పారు.

ఆ పద్ధతికి గుండెకాయ పదార్థ సమతుల్యత పట్టిక. లోపలికి వచ్చినదాన్నంతా తూచాలి, బయటికి పోయినదాన్నంతా తూచాలి, రెండింటికీ తేడా ఎక్కడికి పోయిందో వెతకాలి. చెప్పడానికి ఇంత తేలిక. ఒక అద్దకం కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకుంటే, లోపలికి వచ్చేవి బట్ట, నీరు, రంగు, ఉప్పు, సోడా, ఆవిరి పుట్టించే బొగ్గు లేదా కట్టె. బయటికి సరుకుగా వెళ్లేది రంగు పట్టిన బట్ట మాత్రమే. నూలు బట్టకు రియాక్టివ్ రంగులు అద్దేటప్పుడు కొన్న రంగులో కొంత భాగం బట్టకు అంటకుండానే మురుగుతో పోతుంది. రంగు పట్టడానికి తోడ్పడే ఉప్పు బట్టలో నిలవదు గనుక దాదాపు అంతా మురుగులోకే చేరుతుంది. యజమాని ఈ రెండింటికీ డబ్బు పెట్టి కొన్నాడు, వాటిని మోసిన నీటికి కరెంటు ఖర్చు పెట్టాడు, చివరకు ఆ మురుగును శుద్ధి చేయడానికి మళ్లీ ఖర్చు పెడుతున్నాడు. పట్టిక పూర్తయ్యాక వ్యర్థం అనేది డబ్బు పెట్టి కొన్న ముడిసరుకేనని ఎవరూ విడిగా చెప్పనక్కరలేదు.

ఈ పద్ధతి నుంచి వచ్చే మార్పులలో చాలావాటికి కొత్త యంత్రం అక్కరలేదు. కారే కవాటాన్ని బాగుచేయడం, చివరి కడుగునీటిని తరువాతి విడత మొదటి కడుగుకు వాడడం, రంగును గిన్నెతో కాక తూకంతో కలపడం, ఆవిరి గొట్టాలకు వేడి పోకుండా తొడుగు వేయడం వంటివి వాటిలో ఉంటాయి. ఇవి చూడడానికి చిల్లర పనులు. చిన్న కేంద్రానికి నెల చివర మిగిలే లాభం కూడా అంతే చిల్లరగా ఉంటుందని గుర్తిస్తే వాటి విలువ తెలుస్తుంది.

డిజైర్ అనుభవం నుంచి 1990ల మధ్యలో వ్యర్థ తగ్గింపు మండళ్లు పుట్టాయి. కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ సహాయంతో జాతీయ ఉత్పాదకత మండలి వీటిని నడిపింది. ఒకే ప్రాంతంలో, ఒకే సరుకు తయారుచేసే కొన్ని చిన్న కేంద్రాలు ఒక మండలిగా చేరి, వంతులవారీగా ఒకరి కర్మాగారాన్ని మరొకరు పరిశీలిస్తాయి. చీటీపాట నడిచేది ఏ నమ్మకం మీదనో ఇదీ ఆ నమ్మకం మీదనే నడవాలి. పోటీదారును తన షెడ్డులోకి రానిచ్చి, కొలిమి ముందు నిలబెట్టి, లెక్కల పుస్తకం చూపడానికి ఏ యజమానీ తేలికగా ఒప్పుకోడు. ఒప్పుకున్నచోట మాత్రం తరగతి గదిలో నేర్పలేనిది అక్కడ నేర్చుకోగలుగుతారు. నీ కొలిమికి టన్నుకు అంత బొగ్గు ఎందుకు పడుతున్నదని ఒక అధికారి అడగడం వేరు, పక్కవీధిలో అదే కొలిమిని నడిపేవాడు అడగడం వేరు.

విశాఖలో పుట్టిన బూడిద ఇటుక

తెలుగు నేలకు సంబంధించినంతవరకు చిన్న పరిశ్రమలకు వృత్తాకార పద్ధతి నేర్పిన అనుభవాలలో అన్నిటికన్నా విస్తృతమైనది బూడిద ఇటుకది. భారతీయ బొగ్గులో బూడిద శాతం ఎక్కువ, సాధారణంగా 30 నుంచి 45 వరకు ఉంటుంది. ఇబ్రహీంపట్నం, ముద్దనూరు, పాల్వంచ, రామగుండం, పరవాడల వద్ద ఉన్న విద్యుత్ కేంద్రాల పక్కన బూడిద చెరువులు ఏర్పడింది అందుకే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం 1996-97లో దేశంలో దాదాపు 6.9 కోట్ల టన్నుల బూడిద పుట్టగా, వాడుకలోకి వచ్చినది పదో వంతు కన్నా తక్కువ. మిగిలినదంతా చెరువుల్లో చేరింది, ఎండాకాలంలో గాలికి లేచి ఊళ్ల మీద పడింది.

విశాఖపట్నంలో ఇన్‌స్వారెబ్ అనే పరిశోధన సంస్థను స్థాపించిన భానుమతీదాస్, కాళిదాస్ అనే శాస్త్రవేత్తల జంట ఈ బూడిదను సున్నం, జిప్సంతో కలిపి కాల్చనక్కరలేని ఇటుకగా మార్చే ఫాల్-జి పద్ధతిని రూపొందించారు. బూడిదలోని సిలికా, అల్యూమినాలు తేమ ఉన్నచోట సున్నంతో చర్య జరిపి, సిమెంటులో ఏర్పడే బంధం వంటిదాన్నే మామూలు ఉష్ణోగ్రతలో ఏర్పరుస్తాయి. జిప్సం తొలిరోజుల్లోనే గట్టిదనం వచ్చేందుకు తోడ్పడుతుంది. మట్టి ఇటుకను దాదాపు 1,000 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చాలి. దీనికి బట్టీ అక్కరలేదు, రెండు మూడు వారాలు నీటితో తడుపుతూ ఉంచితే చాలు. పొలాల పైమట్టి మిగులుతుంది, బొగ్గు మిగులుతుంది. ఊరివెంట ఉండే చిన్న మదుపరి కలుపు యంత్రంతో, అచ్చు యంత్రంతో ఈ పని మొదలుపెట్టగలడు. మట్టి ఇటుకకు బదులు ఇది వాడడం వల్ల తగ్గిన కర్బన ఉద్గారాలను ప్రపంచ బ్యాంకు నిర్వహించిన కర్బన నిధికి అమ్మే ఏర్పాటు కూడా తరువాతి కాలంలో జరిగింది. ఒక్కొక్కటిగా చూస్తే కార్బన్ మార్కెట్ కంటికి ఆనని చిన్న కేంద్రాలను ఒక కట్టగా కట్టడం వల్లనే అది సాధ్యమైంది.

పద్ధతి ఎంత సులువుగా కనిపించినా తప్పు జరిగే చోట్లు చాలా ఉన్నాయి. శిక్షణ అవసరమైనది అక్కడే. అన్ని కేంద్రాల బూడిదా ఒకటి కాదు. వడపోత యంత్రాల నుంచి నేరుగా వచ్చే పొడి బూడిద సన్నగా ఉండి బాగా పనిచేస్తుంది. చెరువు నుంచి తవ్విన తడి బూడిద ముతకగా ఉంటుంది, దానిలో తేమ రోజుకో తీరుగా మారుతుంది. బొగ్గు సరిగా మండని రోజున బూడిదలో మిగిలిపోయిన కర్బనం ఎక్కువైతే ఇటుక బలహీనపడుతుంది. సున్నం ఎంత శుద్ధమైనదో ప్రతి లారీకీ చూసుకోవాలి. నీరు ఎక్కువైతే అచ్చు నుంచి తీసేటప్పుడు అంచులు విరుగుతాయి, తక్కువైతే చర్య సరిగా జరగదు. తడిపే రోజులు పూర్తికాకముందే తొందరపడి అమ్మితే గోడ కట్టాక పొడి రాలుతుంది. బూడిద-సున్నపు ఇటుకలకు ఐఎస్ 12894 అనే భారతీయ ప్రమాణం ఉంది. అది గట్టిదనాన్ని తరగతులుగా విభజించి, సాధారణ తరగతులలో ఇటుక పీల్చే నీరు దాని బరువులో 20 శాతం మించరాదని చెబుతుంది. ఈ రెండు పరీక్షలు చేసుకోవడం తెలిసిన కేంద్రానికీ, తెలియని కేంద్రానికీ తేడా మొదటి వానాకాలంలోనే బయటపడుతుంది.

తొలిరోజుల్లో నాసి ఇటుక తెచ్చిన చెడ్డపేరు మంచి ఇటుకకూ అంటుకుంది. తెలుగు నాట మేస్త్రీ ఎర్ర ఇటుకను రంగు చూసి, రెండింటిని తట్టి ఖంగుమని మోగితే మంచిదని నమ్ముతాడు. బూడిద రంగు ఇటుకకు ఆ పరీక్ష సరిపోదు. ఇటుక పోసేవారికి ఎంత శిక్షణ ఇచ్చినా, గోడ కట్టే మేస్త్రీకి, అంచనా వేసే ఇంజనీరుకు దాని సంగతి చెప్పనిదే సరుకు కదలలేదు. వృత్తాకార వ్యాపారంలో కొనేవాడికి కూడా పాఠం చెప్పాలన్న విషయాన్ని చాలా శిక్షణ ప్రణాళికలు ఇప్పటికీ పట్టించుకోవు.

మార్కెట్టును నిజంగా తెరిచినది చట్టం. 1999 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఇచ్చిన నోటిఫికేషన్ విద్యుత్ కేంద్రానికి 50 కిలోమీటర్ల పరిధిలోని ఇటుక తయారీదారులు బూడిదను తప్పక కలపాలని, విద్యుత్ కేంద్రాలు దాన్ని ఉచితంగా ఇవ్వాలని చెప్పింది. ఆ పరిధిని 2003లో 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు పెంచారు. పొడి బూడిదలో కనీసం 20 శాతాన్ని ఇటుకలు, దిమ్మెల తయారీ కేంద్రాలకు ప్రాధాన్యంతో ఉచితంగా కేటాయించాలని 2009 సవరణ చెప్పింది. 1996-97 తరువాతి పాతికేళ్లలో బూడిద ఉత్పత్తి దాదాపు నాలుగు రెట్లయింది. 2021-22లో సుమారు 27 కోట్ల టన్నుల బూడిద పుట్టగా, దానిలో దాదాపు 96 శాతం వాడుకలోకి వచ్చిందని ప్రాధికార సంస్థ ప్రకటించింది. రోడ్లు, లోతట్టు భూములు, పాత గనుల పూడిక కూడా ఈ లెక్కలో ఉన్నాయి గనుక 96 శాతమంతా విలువైన సరుకుగా మారిందని అనుకోరాదు.

ఈ విజయమే ఇటుక కేంద్రాలకు కొత్త చిక్కు తెచ్చింది. ఒకప్పుడు ఎవరూ అడగని బూడిదకు సిమెంటు కంపెనీలు పోటీదారులయ్యాయి. పొడి బూడిదను పారదర్శకమైన బిడ్డింగ్ ద్వారా అమ్మాలని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2021లో విద్యుత్ కేంద్రాలకు సూచించింది. వేలంలో పెద్ద కొనుగోలుదారుతో పోటీపడే శక్తి చిన్న ఇటుక కేంద్రానికి ఉండదు. ఇరవై ఏళ్లు నేర్చుకున్న పని చేతిలో ఉంది, ముడిసరుకు మాత్రం అందుబాటు నుంచి జారుతున్నది. వ్యర్థానికి విలువ వచ్చిన రోజున అది ఎవరి సొత్తు అవుతుందన్న ఈ ప్రశ్న బూడిదకే పరిమితం కాదు. ప్లాస్టిక్, పాత బ్యాటరీ, పాత ఫోను విషయంలోనూ ఇదే ఎదురవుతున్నది.

పానిపట్, తిరుప్పూర్: రెండు రకాల ఒత్తిడి

పానిపట్‌కు పాత ఉన్ని బట్టలు విదేశాల నుంచి ఓడల్లో వస్తాయి. తిరిగి తొడుక్కోవడానికి అమ్మకుండా వాటిని ముక్కలుగా కోసి దిగుమతి చేస్తారు. గుండీలు, జిప్పులు తీసి, రంగుల వారీగా వేరుచేసే పని ఎక్కువగా మహిళలది. ఎర్రవన్నీ ఒకచోట, నీలివన్నీ ఒకచోట పెడితే మళ్లీ రంగు అద్దనవసరం లేదు. రంగును ఇలా కంటితో వేరుచేయడమే ఆ పట్టణపు అసలు సాంకేతికత అనవచ్చు. అక్కడ తయారైన దుప్పట్లను విపత్తు సహాయక సంస్థలు ఏళ్ల తరబడి కొన్నాయి. ఆ తరువాత చౌకగా, తేలికగా, మెత్తగా ఉండే పాలియెస్టర్ ఫ్లీస్ దుప్పట్లు మార్కెట్టులోకి వచ్చాక పాత ఉన్ని దుప్పటికి గిరాకీ పడిపోయింది. చాలా మిల్లులు వస్త్ర పరిశ్రమలోని నూలు కత్తిరింపుల నుంచి నూలు తీసే పనికి మారాయి. ఆ మార్పుకు కొత్త యంత్రంతోపాటు పోగు పొడవు, నూలు మందం, మిశ్రమం పాళ్లు కొలిచే నేర్పు కూడా కావలసి వచ్చింది.

తమిళనాడులోని తిరుప్పూర్‌లో ఒత్తిడి న్యాయస్థానం నుంచి వచ్చింది. అద్దకం కేంద్రాల మురుగుతో నొయ్యల్ నది పాడై, దిగువన రైతులు నష్టపోయారు. బయటికి చుక్క మురుగు కూడా వదలరాదన్న షరతు అమలు కాకపోవడంతో 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వందల సంఖ్యలో కేంద్రాలను మూయించింది. ఉమ్మడి శుద్ధి కేంద్రాలను సరిదిద్దుకున్న తరువాతే అవి విడతలుగా తెరుచుకున్నాయి. ఇప్పుడు అక్కడ వాడిన నీటిలో 90 శాతానికి పైగా తిరిగి అద్దకానికే వస్తున్నది, ఉప్పునీటిని కూడా మళ్లీ వాడుతున్నారు. ఇంతచేసినా చివర మిగిలే మిశ్రమ లవణాన్ని ఏం చేయాలన్నది ఏళ్ల తరబడి తేలలేదు, అది షెడ్లలో గుట్టలుగా పేరుకుంది. వృత్తం పూర్తిగా మూసుకోవడం ఎంత కష్టమో చూడదలచిన శిక్షణార్థులను తీసుకెళ్లవలసిన చోటు అది.

ధ్రువపత్రాల కాలం

2022 నుంచి నియమాలు వరుసగా మారాయి. ఉత్పత్తిదారు విస్తృత బాధ్యత అనే సూత్రం ప్రకారం, వస్తువును మార్కెట్టులోకి తెచ్చిన కంపెనీయే దాని వ్యర్థం చివరకు ఏమవుతుందో చూడాలి. ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌కు 2022 ఫిబ్రవరిలో, పాత టైర్లకు జులైలో, బ్యాటరీలకు ఆగస్టులో ఈ నిబంధనలు వచ్చాయి. కొత్త ఇ-వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. రీసైక్లింగ్ కేంద్రం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదై, తాను శుద్ధిచేసిన పరిమాణానికి ధ్రువపత్రం పొందుతుంది. ఉత్పత్తి కంపెనీ ఆ పత్రాన్ని కొంటుంది. ఈ విధంగా చిన్న రీసైక్లర్‌కు సరుకు అమ్మకంతోపాటు రెండో ఆదాయం దొరుకుతుంది. నమోదు కానివారికి ఆ ఆదాయం ఉండదు, కొంతకాలానికి తుక్కు కూడా దొరకదు.

దుర్వినియోగం కూడా వెంటనే వచ్చింది. కొన్ని ప్లాస్టిక్ రీసైక్లింగ్ సంస్థలు లక్షల సంఖ్యలో నకిలీ ధ్రువపత్రాలు సృష్టించినట్లు 2023లో కేంద్ర మండలి తనిఖీల్లో బయటపడింది. తనిఖీలు కఠినమయ్యాయి. ఆ కాఠిన్యం భారం నిజాయితీగా పనిచేసి లెక్కలు సరిగా రాయలేని చిన్న కేంద్రం మీద కూడా పడుతుంది. కొనుగోలు బిల్లు, తూకం చీటీ, కరెంటు వాడకం, అమ్మకపు ఇన్‌వాయిస్ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఇంత కరెంటు కాలిస్తే ఇంత ప్లాస్టిక్ గుళికలు రావాలన్న సాధారణ లెక్కతోనే అబద్ధం పట్టుబడుతుంది, నిజమూ నిలబడుతుంది. 1993 నాటి పదార్థ సమతుల్యత పట్టికకు ఇప్పుడు చట్టపరమైన విలువ వచ్చినట్లయింది.

సరుకు నాణ్యత మరొక సమస్య. గట్టి ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌లో రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ వాటా 2025-26లో 30 శాతం ఉండాలని, ఏటా పెరుగుతూ 2028-29 నాటికి 60 శాతానికి చేరాలని నియమాలు చెబుతున్నాయి. అంటే గిరాకీ ఖాయం. కానీ సీసాల కంపెనీ అడిగే గుళిక ఒకే రంగులో, ఒకే సాంద్రతతో, వాసన లేకుండా ఉండాలి. బకెట్లు, పైపుల కోసం కలగాపులగంగా కరిగించే అలవాటున్న కేంద్రం ఆ స్థాయికి రావాలంటే పాలిమర్లను గుర్తించడం, కడగడం, కరుగు ప్రవాహాన్ని పరీక్షించడం తెలియాలి. కేంద్ర పెట్రోరసాయన ఇంజనీరింగ్, సాంకేతిక సంస్థ సిపెట్ ఈ రంగంలో ప్రధాన శిక్షణ కేంద్రం. దాని శాఖలు హైదరాబాద్, విజయవాడలలో ఉన్నాయి.

ఎలక్ట్రానిక్ వ్యర్థాలలో పని మరింత సున్నితమైనది. తెరవని వాడలో, ఆరుబయట సర్క్యూట్ బోర్డులను కాల్చి రాగి తీయడం, ఆమ్లంలో ముంచి బంగారం తీయడం పనివారి ఊపిరితిత్తులను, నేలను పాడుచేస్తాయి. పైగా ఉన్న లోహంలో కొంతే చేతికి వస్తుంది. హైదరాబాద్ చర్లపల్లిలోని సి-మెట్ ప్రయోగశాల వాడేసిన సర్క్యూట్ బోర్డుల నుంచి రాగి, వెండి, బంగారం, పల్లాడియం తీసే పద్ధతులను అభివృద్ధి చేసింది. విడదీసే పని వరకు చిన్న కేంద్రం చేసి, బోర్డులను పెద్ద శుద్ధి కేంద్రానికి అప్పగించే పొత్తు అన్నిటికన్నా సాధ్యమైన మార్గంగా కనిపిస్తున్నది. ఆ పొత్తులో లోహం విలువను ఎవరు, ఎలా పరీక్షించి ధర కడతారన్నది స్పష్టంగా ఉండాలి. లేకుంటే పాత పద్ధతిలో కాల్చేవాడు చేతికి ఇచ్చే నగదే విడదీసేవాడిని ఆకర్షిస్తుంది.

డబ్బు, పథకాలు

నేర్చుకున్నదాన్ని అమలుచేయడానికి కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల మంత్రిత్వశాఖ పథకాలు కొన్ని ఉన్నాయి. లోపం లేని సరుకు, పర్యావరణానికి కీడు లేని తయారీ అన్న లక్ష్యంతో జెడ్ ధ్రువీకరణ పథకం కాంస్య, రజత, స్వర్ణ స్థాయిలలో నడుస్తున్నది. 2022 ఏప్రిల్‌లో పునఃప్రారంభమైన ఈ పథకంలో ధ్రువీకరణ ఖర్చులో సూక్ష్మ సంస్థలకు 80 శాతం, చిన్నవాటికి 60 శాతం, మధ్యతరహావాటికి 50 శాతం రాయితీ ఉంది. ప్రపంచ బ్యాంకు సహాయంతో నడిచే ర్యాంప్ కార్యక్రమం కింద 2023 డిసెంబరులో స్పైస్ అనే ఉపపథకం వచ్చింది. ప్లాస్టిక్, రబ్బరు, ఎలక్ట్రానిక్ వ్యర్థాల రంగాలలోని సూక్ష్మ, చిన్న సంస్థలకు బ్యాంకు రుణంతో ముడిపెట్టి 25 శాతం మూలధన రాయితీ, గరిష్ఠంగా 12.5 లక్షల రూపాయల వరకు దీనిలో లభిస్తుంది. చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు సిడ్బి దీనిని నిర్వహిస్తున్నది.

రుణంతో ముడిపెట్టడంలో ఒక చిక్కు ఉంది. తుక్కు వ్యాపారానికి అప్పు ఇవ్వడానికి బ్యాంకులు వెనుకాడతాయి. తుక్కు ధర వారానికోలా మారుతుంది, హామీగా చూపడానికి గుట్ట తప్ప మరేమీ ఉండదు. శిక్షణలో భాగంగా ప్రాజెక్టు నివేదిక తయారుచేయించి, స్థానిక బ్యాంకు అధికారిని చివరిరోజు కూర్చోబెట్టే కార్యక్రమాలు ఈ కారణంగానే ఎక్కువ ఫలితమిస్తాయి. ధ్రువపత్రం పంచి ఫొటో తీసుకుని ముగించేవి ఇవ్వవు.

తరగతికి ఎవరు వస్తున్నారు?

హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ 1960లో ఢిల్లీలో మొదలై, 1962లో హైదరాబాద్‌కు మారింది. చిన్న పరిశ్రమల శిక్షణకు తెలుగువారి నడుమ ఇంత పాత సంస్థ ఉండడం అనుకూలమైన విషయమే. అయినా పదిమంది పనివారున్న కేంద్రం యజమాని మూడు రోజులు షాపు మూసి తరగతికి రావడం కష్టం. ఆయనే కొనుగోలుదారు, ఆయనే మేనేజరు, చాలాసార్లు యంత్రం బాగుచేసేవాడూ ఆయనే. అందుచేత తరగతులకు కొంత పెద్ద సంస్థల ప్రతినిధులే ఎక్కువగా వస్తారు. పోర్టళ్లు, మార్గదర్శకాలు ఇంగ్లిషు, హిందీలలో ఉండడం మరో అడ్డంకి. నమోదు పని కన్సల్టెంట్ చేతికి పోతే ఫీజు పోవడమే గాక, లెక్క రాయడం నేర్చుకునే అవకాశమూ పోతుంది.

వేరుచేసే పనివారు, వారిలో ఎక్కువమంది మహిళలు, తరగతి దాకా అసలే రారు. కాగా రీసైకిల్ సరుకు నాణ్యత నూటికి ఎనభై పాళ్లు వారి చేతిలోనే తేలుతుందని ఈ పని తెలిసిన ఎవరైనా చెబుతారు. పీవీసీ ముక్క ఒకటి పెట్ సీసాల గుట్టలో కలిసిందంటే ఆ విడత అంతా పాడవుతుంది. ఆ ముక్కను ఏరేవారికి చేతితొడుగు, ముక్కుకు గుడ్డ, కూలిలో నాణ్యతకు కొంత అదనం ఇవ్వడం కూడా శిక్షణ ఖర్చులో చేర్చవలసినవే.

పొరుగు దేశాలలో

బంగ్లాదేశ్‌లో దుస్తుల కర్మాగారాల కత్తిరింపు ముక్కలను ఝుట్ అంటారు. అక్కడ 2019లో దాదాపు 5.77 లక్షల టన్నుల వస్త్ర వ్యర్థం పుట్టిందని, అందులో దాదాపు 2.5 లక్షల టన్నులు అచ్చమైన నూలు అని ఒక అంచనా. ఎక్కువ భాగం స్థానికంగా పలుకుబడి ఉన్న దళారుల ద్వారా కలగాపులగంగా దేశం దాటిపోయేది. 2020-21లో అంతర్జాతీయ బ్రాండ్లు, దుస్తుల ఎగుమతిదారుల సంఘం కలిసి నడిపిన ప్రయోగంలో కత్తిరించే బల్ల దగ్గరే ముక్కలను నూలు, మిశ్రమం అని వేరుచేసి నమోదుచేయడం నేర్పారు. పని సులువే, దళారీ వ్యవస్థను దాటడం సులువు కాదు. శ్రీలంకలో 2002లో ఏర్పడిన జాతీయ స్వచ్ఛ ఉత్పత్తి కేంద్రం కర్మాగారాలలో నీరు, ఇంధనం, వ్యర్థాల ఆడిట్‌లు చేస్తూ, ఆ సేవలకు రుసుము తీసుకుంటూ నిలబడింది. ఉచితంగా ఇచ్చిన సలహా కన్నా డబ్బిచ్చి కొన్న సలహాను యజమాని ఎక్కువ శ్రద్ధగా అమలుచేస్తాడని అనుభవజ్ఞులు అంటారు, అయితే ఆ రుసుము కట్టలేనివారికే సలహా అవసరం ఎక్కువ.

భారతదేశంలో మరో రెండు నియమావళులు 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తాయి. ఒకటి నిర్మాణాలు, కూల్చివేతల వ్యర్థాలది, 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన ప్రాజెక్టులకు బాధ్యతను నిర్ణయిస్తుంది. రెండోది అల్యూమినియం, రాగి, జింకు, వాటి మిశ్రమ లోహాల తుక్కుది. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమమే గనుక మొరాదాబాద్ కొలిముల దాకా ఈ నియమాల ప్రభావం చేరుతుంది. గిన్నెలు పోసే చిన్న కేంద్రానికి తుక్కు అమ్మే వ్యాపారి నుంచి దానిని కరిగించేవారి దాకా ఎవరెవరు నమోదు కావాలో, ఏ లెక్క ఎవరు రాయాలో నేర్పే పని ఇప్పుడు పరిశ్రమ సంఘాల ముందు ఉంది.